తిత్లీని ఎందుకు ఆపలేదు? చిన్నపిల్లలకు బైబిలు చెప్పడంలో వయసు లెక్క

దక్షిణ ఒడిశాలో గోపాలపురం తీరం నుంచి పర్లాకిమిడి కొండల దాకా ఏ సండేస్కూల్లోనైనా ఒక కథ చెప్పి తేలిగ్గా బయటపడలేం. యేసు పడవలో నిద్రపోతాడు, గాలివాన లేస్తుంది, శిష్యులు లేపుతారు, ఆయన గాలిని గద్దిస్తాడు, అంతా సద్దుమణుగుతుంది. మార్కు సువార్త నాలుగో అధ్యాయం చివర ఏడే ఏడు వచనాలు. నాలుగేళ్లవాడు చప్పట్లు కొడతాడు. వెనక కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం చెయ్యెత్తుతుంది: "మరైతే టీచరుగారూ, తిత్లీ తుపానుని ఎందుకు ఆపలేదు?"

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డప్పుడు ఆ పిల్ల ఒళ్లోబిడ్డ. అయినా అక్టోబరు వస్తే చాలు, ఇంట్లో ఆ మాట వస్తుంది. దానికి ముందు 2013 నాటి ఫైలిన్, ఇంకా ముందు 1999. ఇక్కడి పిల్లలకు తుపాను అంటే బొమ్మల పుస్తకంలోది కాదు, మేనమామ ఇంటి పైకప్పు లేపుకుపోయింది.

ఆ ప్రశ్నకు మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. "అందరూ ప్రార్థన చేసి ఉంటే ఆపేవాడు" అనేది ఒకటి. "మన పాపాల వల్లే వచ్చింది" అనేది రెండోది. మొదటిది విన్న పిల్ల, చరియ కింద పోయినవాళ్లు ప్రార్థన చెయ్యనివాళ్లని లెక్క కడుతుంది. రెండోది విన్న పిల్ల, మొన్న తను అమ్మతో ఆడిన అబద్ధాన్ని ఆ లెక్కలోకి తెచ్చుకుంటుంది. రెండూ చెప్పినవాళ్లకి ఆ పూట గడిచిపోతుంది. పిల్ల పన్నెండేళ్లదయ్యాక ఎవరో ఒకరు వాటిని వెనక్కి తీసుకోక తప్పదు.

'వయసుకు తగ్గ బోధ' అనే మాట మీద గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. కొందరికది కథని పలుచన చెయ్యడం, కొందరికి పాటలూ రంగుల కాగితాలూ. నిజానికి చూసుకోవాల్సినవి మూడు: ఇప్పుడు ఎంత చెప్పాలి, ఎంత ఆపి ఉంచాలి, ఏది ఏ వయసులోనూ చెప్పకూడదు. ఆపి ఉంచిందాన్ని తర్వాత కలుపుకోవచ్చు. తప్పుగా నాటింది మాత్రం పీకాల్సి వస్తుంది, పీకేటప్పుడు దాని వేళ్లతో పాటు మంచి మట్టి కూడా లేచి వస్తుంది.

ఎదుగుదల అంటున్నప్పుడు దేన్ని కొలుస్తున్నారు?

ఆత్మీయ ఎదుగుదల అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. తెలియడం: కథలు, పేర్లు, వాక్యాలు. ఆనుకోవడం: భయమేసినప్పుడు, తప్పు చేసినప్పుడు దేవుడి దగ్గరికి పోవచ్చు అనిపించడం. నడవడి: తమ్ముడికి బిస్కెట్టులో సగం విరిచి ఇవ్వడం. ఈ మూడూ ఒకేసారి పెరగవు. ఇరవై కీర్తనలు అప్పజెప్పే పిల్లవాడు చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి వణకొచ్చు. ఒక్క వాక్యం రాని మూడేళ్ల పాప, జ్వరమొచ్చిన నాయనమ్మ నుదుటి మీద చెయ్యివేసి కళ్లు మూసుకోవచ్చు. మన సంఘాల్లో కొలిచేది ఎక్కువగా మొదటిదాన్నే, ఎందుకంటే లెక్కపెట్టడానికి వీలైంది అదొక్కటే.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఏడో వచనం ఈ పనికి నాలుగు వేళలు చెబుతుంది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. తరగతి గది ఊసే లేదు. సండేస్కూలు చాలా తర్వాత వచ్చింది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు సెలవురోజున చదువు నేర్పడానికి పెట్టించింది అది. హాజరుపట్టీ, మార్కులు, బెంచీలు ఆ బడి నుంచి వచ్చిన అలవాట్లే. వేసవి సెలవుల్లో నడిపే బైబిలు బడి, వీబీఎస్, ఇంకా తర్వాతి సంగతి, 1890లలో అమెరికాలో మొదలైంది. బడి రూపంలో ఉన్నవి కాబట్టి రెండూ బడిలాగే కొలుస్తాయి.

నాలుగేళ్లవాడు విన్నదీ, మనం అన్నదీ

స్విట్జర్లండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లల ఆలోచన ఎలా మారుతుందో దశలుగా చెప్పాడు. సుమారు ఏడేళ్ల దాకా పిల్లలు కంటికి కనిపించేదాన్ని పట్టుకుని ఆలోచిస్తారు, ఒక సంగతిని ఒకే వైపు నుంచి చూస్తారు. ఏడు నుంచి పదకొండు దాకా కారణం, ఫలితం, న్యాయం, లెక్క బాగా పట్టుబడతాయి, అయితే ఎదురుగా ఉన్న వస్తువుల మీదే. కంటికి కనపడని భావాలను విడిగా తీసి చూడడం ఆ తర్వాత. ఈ వయసులు గీత గీసినట్టు ఉండవని తర్వాతివాళ్లు సరిదిద్దారు. కానీ సండేస్కూలు పనికి ఈ మోటు లెక్క చాలు.

దీని ఫలితం మాటల్లో కనిపిస్తుంది. "యేసుని నీ గుండెలోకి పిలువు" అంటే పెద్దలకు ఉపమానం. నాలుగేళ్లవాడికి అది ఒక మనిషి ఛాతీలో దూరడం. వాడు అడిగేది "ఎలా పడతాడు?" అని. "యేసు రక్తం మనల్ని కడుగుతుంది" అంటే వాడికి రక్తంతో స్నానం. 'ఆత్మ' సంగతి ఇంకా చిక్కు. ఊళ్లో ఆత్మ అంటే దయ్యం, సినిమాలోనూ అంతే. "పరిశుద్ధాత్మ నీ మీదికి వస్తాడు" అని గట్టిగా ప్రార్థన చేస్తే పిల్ల అమ్మ కొంగులో దూరడం భక్తిలేక కాదు. ఆరేళ్ల లోపు "దేవుడు మనతో ఉంటాడు, కనిపించడు" అంటే సరిపోతుంది. అందులో వెనక్కి తీసుకోవాల్సింది ఏమీ లేదు.

అలాగని పసివాళ్లకి దేవుడి గురించి ఏమీ అర్థం కాదనుకోవడమూ పొరపాటే. 2001లో అచ్చైన ఒక పరిశోధనలో జస్టిన్ బ్యారెట్, ఆయన సహచరులు పిల్లలకు బిస్కెట్ల పెట్టె చూపించి, తెరిస్తే లోపల రాళ్లు కనిపించేలా పెట్టారు. పెట్టె మూసి "అమ్మ వస్తే లోపల ఏముందనుకుంటుంది? దేవుడైతే?" అని అడిగారు. మరీ చిన్నవాళ్లు అమ్మకీ తెలుసు, దేవుడికీ తెలుసు అన్నారు. అయిదారేళ్లవాళ్లు అమ్మ బిస్కెట్లనుకుంటుంది, దేవుడికి మాత్రం రాళ్లని తెలుసు అన్నారు. అంటే నాలుగేళ్ల లోపు పిల్లకి అమ్మకీ దేవుడికీ పెద్ద తేడా లేదు. ఆ వయసులో ఇంట్లో కేక పెట్టే గొంతు, దగ్గరికి తీసుకునే చెయ్యి ఎలాంటివో, దేవుడి గురించిన మొదటి పాఠం కూడా అలాంటిదే అవుతుందని ఊహించడం కష్టం కాదు.

బడిలో ఒడియా, గుడిలో పాత తెలుగు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు పిల్లల్లో చాలామంది చదివేది ఒడియాలోనో ఇంగ్లిషులోనో. తెలుగు చెవితో వచ్చిన భాష, కంటితో కాదు. గుడిలో చదివే తెలుగు బైబిలేమో వాళ్ల తాతలకే పాతబడిన గ్రాంథికం. వయసు లెక్కకి ఈ దూరం కూడా కలపాలి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పదేళ్లవాడు గుడి తెలుగులో అయిదేళ్లవాడితో సమానం కావచ్చు.

యోహాను 3:16 చూడండి. పిల్లలందరిచేతా మొదట వల్లె వేయించేది అదే. పాత అనువాదంలో మొదటి వాక్యం నాలుగు మాటలు: "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను." దాని తర్వాతి వాక్యం 'కాగా ఆయన' తో మొదలై, కుమారుడు, విశ్వాసముంచువాడు, నశించకపోవడం, నిత్యజీవం అన్నీ మోసుకుంటూ చిట్టచివర 'అనుగ్రహించెను' దగ్గర ఆగుతుంది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో తెలియాలంటే చివరి మాట దాకా అన్నీ బుర్రలో పట్టుకోవాలి. అయిదేళ్లవాడికి అది కుదరదు, కాబట్టి రాగంతో అప్పజెప్పేస్తాడు. మొదటి నాలుగు మాటలతో ఆపితే అది నిండు వాక్యమే. నాలుగు వారాలు అదే చెప్పించండి. మిగతాది ఎనిమిదేళ్లకి, ముందు వాడుకభాషలో విడదీసి చెప్పి ఆ తర్వాత.

ఇరవై మూడో కీర్తనలో చిక్కు వేరు. "యెహోవా నా కాపరి" మూడు మాటలు, మేకలూ గొర్రెలూ చూసిన పిల్లలకు కాపరి తెలుసు. "నాకు లేమి కలుగదు" దగ్గర 'లేమి' తెలియదు. తెలియకపోయినా నష్టం లేదు, తప్పు అర్థం చెప్పడమే నష్టం. "దేవుడుంటే మనకి ఏ లోటూ రాదు" అని చెబితే, తండ్రి సూరత్ మరమగ్గాల్లో ఉండి ఏడాదికోసారి వచ్చే గంజాం పిల్ల దాన్ని ఇంటితో పోల్చుకుంటుంది. "గొర్రెని కాపరి వదిలి వెళ్లిపోడు" అంటే అదే కీర్తన నాలుగో వచనంతో సరిపోతుంది. లోయ వచ్చినా తోడుంటాడు అంటాడు గానీ, లోయ రాదు అనడు.

బడిలో ఒడియా బైబిలు పరిచయమైన పిల్లలకు ఇంకో మలుపు. అందులో యెహోవా 'సదాప్రభు': "సదాప్రభు మోహర పాళక". దేవుడు 'పరమేశ్వర'. తెలుగు చెవికి పరమేశ్వరుడంటే శివుడు. ఒడియాలో 'ప్రభు' అంటే వీధిలో అందరికీ ముందు గుర్తొచ్చేది జగన్నాథుడు. గుడిని తెలుగులో సంఘం అంటే, ఒడియాలో మండళి. మహారాష్ట్రలో సిరోంచ వైపు మరాఠీ బడికి పోయే తెలుగు పిల్లలకూ 'పరమేశ్వర్' ఇలాగే ఎదురవుతాడు. ఆరేడేళ్ల పిల్ల "ఇద్దరు దేవుళ్లా?" అని అడగడం వింతేం కాదు. బియ్యం, చావల్ రెండూ ఒకటే అన్నట్టు "అదే దేవుణ్ణి వాళ్ల బైబిల్లో ఇలా పిలుస్తారు" అంటే చాలు. భాషల చరిత్ర అక్కర్లేదు.

తెలుగు పాటని ఒడియా లిపిలో రాసిస్తే పిల్లలు చదువుకుంటారు, మంచి ఉపాయమే. రెండు చోట్ల తేడా కొడుతుంది. ఒడియా లిపిలో హ్రస్వ ఎ, ఒ లకు వేరే అక్షరాలు లేవు, కాబట్టి ఎ-ఏ, ఒ-ఓ కలిసిపోతాయి. పైగా ఒడియాలో మామూలు అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలుకుతారు, 'మన' కాస్తా 'మొనొ' అవుతుంది. మొదటి రెండు వారాలు కాగితం ఇవ్వకుండా నోటితో నేర్పి, మూడో వారం కాగితం చేతికిస్తే ఈ బాధ తప్పుతుంది.

పాత తెలుగంతా అడ్డమే అనుకోనక్కర్లేదు. గాలివాన కథలో "గాలి అణగి మిక్కిలి నిమ్మళమాయెను" అని ఉంటుంది. 'నిమ్మళం' ఈ వైపు ముసలమ్మల నోట ఇంకా బతికే ఉంది. ఆ ఒక్క మాట దగ్గర పిల్లలకి వివరణ అవసరం పడదు.

ఒకే గాలివాన, మూడు వయసులు

మూడు నుంచి అయిదేళ్లవాళ్లకు కథ అయిదారు నిమిషాలు దాటకూడదు. ఒక దుప్పటి పడవ, ఒక పిల్లవాడు దిండు మీద పడుకుంటాడు, మిగతావాళ్లు దుప్పటి అంచులు పట్టుకుని ఊపుతారు. మూడే మూడు ఘట్టాలు: ఆయన నిద్రపోయాడు, అందరికీ భయమేసింది, ఆయన లేచి "ఊరుకో" అనగానే నిమ్మళమైంది. చెప్పే వాక్యం ఒకటే, "భయమేస్తే యేసుని పిలవచ్చు." గమనించండి, "పిలిస్తే తుపాను ఆగుతుంది" అనడం లేదు. రెంటికీ మాటల్లో తేడా చిన్నదే, పదేళ్ల తర్వాత పెద్దదవుతుంది. ఉరుముల శబ్దం ఫోన్లో పెట్టి భయపెట్టడం వద్దు. ఏడ్చిన పిల్లకి ఏడుపే గుర్తుంటుంది.

ఆరు నుంచి ఎనిమిదేళ్లవాళ్లకు పది పన్నెండు నిమిషాలు. ఇక్కడ శిష్యుల మాట కలుస్తుంది: "మేము చచ్చిపోతున్నాం, నీకు చింత లేదా?" ఈ వయసుకి న్యాయం పట్టుబడుతుంది, అందుకే తిత్లీ ప్రశ్న వచ్చేది వీళ్ల దగ్గర్నుంచే. దానికి జవాబు కథలోనే సగం ఉంది. అదే ప్రశ్న శిష్యులూ అడిగారు, పడవలోంచి తోసెయ్యలేదు. టీచరు అనగలిగింది ఇంతే: "ఎందుకు ఆపలేదో నాకు తెలీదమ్మా. ఆయనకి చింత లేదని మాత్రం అనుకోను. నువ్వు అడగొచ్చు, వాళ్లూ అడిగారు." 'నాకు తెలీదు' అంటే పిల్లల ముందు చులకనైపోతామని చాలామంది టీచర్ల భయం. చులకనయ్యేది, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి తర్వాత దొరికిపోయినప్పుడు. ఆ మాట తర్వాత ఆ తుపానుకి ఊళ్లో ఎవరు ఎవరికి అన్నం వండిపెట్టారో, ఎవరి ఇంట్లో ఎందరు తలదాచుకున్నారో పిల్లలచేతే చెప్పించొచ్చు. వాళ్లకి తెలుసు.

తొమ్మిది నుంచి పన్నెండేళ్లవాళ్లచేత ఆ ఏడు వచనాలూ చదివించాలి. రెండు సంగతులు వాళ్లనే కనిపెట్టనివ్వండి. ఒకటి, ముప్పై ఆరో వచనంలో ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా ఉన్నాయి. నిమ్మళం వాళ్లకీ వచ్చింది, వాళ్లు యేసుని లేపనే లేదు. రెండు, కథ చివర అభయం లేదు, ప్రశ్న ఉంది: "ఈయన ఎవరో". ఇది తుపానులన్నీ ఆగుతాయని చెప్పే కథ కాదు, ఆ మనిషి ఎవరని అడిగే కథ అని పదేళ్లవాడు పట్టుకోగలడు. ఆ తర్వాత యోబు గ్రంథం తెరవచ్చు. అక్కడ గాలికి ఇల్లు కూలి పిల్లలు చనిపోతారు, ఆ చావుకి యోబు పాపం కారణం కాదని పుస్తకమే చెబుతుంది. 'మన పాపాల వల్లే' అనే జవాబుకి బైబిల్లోనే ఉన్న ఎదురుమాట అది.

ఆపి ఉంచాల్సిన కథలు

నోవహు ఓడలో జంతువులు నాలుగేళ్లకి. మునిగిపోయినవాళ్ల సంగతి తొమ్మిదేళ్లకి. మధ్యలో అడిగితే దాచొద్దు, "చాలామంది పోయారు, దేవుడికి బాధ కలిగింది" అంటే ఆదికాండం ఆరో అధ్యాయానికి దగ్గరగానే ఉంటుంది. దావీదు వడిసెల ఆరేళ్లకి, గొల్యాతు తల నరకడం తర్వాత. యోసేపు అన్నల అసూయ ఏడేళ్లకి బాగా పడుతుంది, పోతీఫరు భార్య సంగతి ఇంకో అయిదారేళ్లు ఆగొచ్చు. అబ్రాహాము ఇస్సాకుని బలికి తీసుకెళ్లడం పదేళ్ల లోపు వద్దు. విశ్వాసం గురించి పెద్దలు వినేచోట, అయిదేళ్లవాడు వినేది "నాన్న నన్ను చంపుతాడా" అనేదే.

సిలువను ఎవరూ ఆపి ఉంచలేరు, గుడ్ ఫ్రైడేనాడు ఏడు మాటలు మూడు గంటలు సాగుతాయి, పిల్లలు చాప మీదే ఉంటారు. పసివాళ్లకు ఒకే నియమం: శుక్రవారం చెప్పినచోటే ఆదివారం కూడా చెప్పాలి, వారం ఆగకూడదు. "చెడ్డవాళ్లు చంపేశారు, స్నేహితులు ఏడ్చారు, మూడో రోజు లేచాడు." మేకులు, ముళ్లు, పక్కలో పోటు అక్కర్లేదు. "నీ కోసమే చచ్చిపోయాడు" అన్న మాట ఆరేళ్ల లోపు "నా వల్లే చచ్చిపోయాడు"గా మారిపోతుంది. ఎనిమిదేళ్లకు విచారణ, పేతురు అబద్ధం, పిలాతు చేతులు కడుక్కోవడం చెప్పొచ్చు. ఆ వయసు పిల్లలకు యేసు కన్నా పేతురే ఎక్కువ అర్థమవుతాడు. అది తప్పేం కాదు.

పెద్దవాళ్లే ఒప్పుకోని చోట్లు

ఈ ఆపి ఉంచడం ఎంతవరకు అన్నదాని మీద పండితులకే పడదు. 1960లలో ఇంగ్లండులో రోనాల్డ్ గోల్డ్‌మన్, మండే పొద, ఎర్ర సముద్రం, యేసు శోధన కథలు ఇచ్చి పిల్లల్ని ప్రశ్నించాడు. చిన్నవాళ్లు తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారని తేల్చి, కొంచెం పెద్దయ్యే దాకా బైబిలు పాఠాలు తగ్గించాలన్నాడు. రోములో 1954 నుంచి పనిచేసిన సోఫియా కావలెత్తిది పూర్తిగా వేరే దారి. మాంటెస్సోరి పద్ధతిలో చిన్న చెక్కబొమ్మలతో మంచి కాపరి కథ పెడితే మూడేళ్లవాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ ఆడుకున్నారు. ముందు సంబంధం, నీతి ఆరేళ్ల తర్వాత అంటుంది ఆమె. మూడో పక్షం మన తాతలది: అర్థమైనా కాకపోయినా కంఠతా పట్టించండి, పెద్దయ్యాక పనికొస్తుంది. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఈ వైపున నిలుస్తుంది. అయితే దాన్ని ఆయన ఇంటి పెద్దలు ఇంట్లో వాడాలని రాశాడు, పైగా ప్రతి మాట తర్వాత "దీని అర్థమేమి?" అన్న ప్రశ్న పెట్టాడు. వల్లెవేతకు సాక్షిగా ఆయన్ని పిలిచేవాళ్లు ఆ ప్రశ్నని మరిచిపోతుంటారు.

గోల్డ్‌మన్ పట్టుకున్న తప్పులు నిజమే. కానీ ఆయన పిల్లల్ని వివరణ అడిగాడు, వివరణ వాళ్లకి ఆఖర్న వచ్చే విద్య. చెప్పలేనిదంతా అందలేదని అనుకుంటే అమ్మ జోలపాట కూడా పిల్లకి అందనట్టే.

ఇంకో తేడా మన సంఘాల మధ్యనే. 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషనరీలు పునాది వేసిన జయపురం లూథరన్లు పసిబిడ్డకి బాప్తిస్మమిస్తారు, కొంత పెద్దయ్యాక ఆ నమ్మకాన్ని తన నోటితో ఒప్పుకునే కన్‌ఫర్మేషన్. కతోలికుల్లో 1910లో పదో పయస్ పోపు ఇచ్చిన ఉత్తర్వుతో ఏడేళ్ల ప్రాంతం వివేకం వచ్చే వయసు, మొదటి సత్ప్రసాదం అప్పుడు. గజపతి వైపు బాప్టిస్టులు సొంతంగా నమ్మి అడిగేదాకా బాప్తిస్మమివ్వరు. దీంతో బోధ మారిపోతుంది. లూథరన్ టీచరు నాలుగేళ్లవాడితో "నువ్వు దేవుడి ఇంటివాడివి" అంటాడు. బాప్టిస్టు టీచరు "దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు, నువ్వూ ఒకరోజు ఆయన్ని ఎంచుకుంటావు" అంటాడు. తల్లి జయపురం లూథరన్, తండ్రి గజపతి బాప్టిస్టు అయిన ఇంట్లో పిల్ల రెండూ వింటుంది. చిన్న వయసులో ఇద్దరికీ ఒప్పుదలైన మధ్య మాట "ప్రేమిస్తున్నాడు" అన్నదే. గొడవ వచ్చేది వీబీఎస్ చివరిరోజు "యేసుని అంగీకరించినవాళ్లు చేతులెత్తండి" అన్నప్పుడు. అయిదేళ్లవాళ్లందరూ ఎత్తుతారు. లడ్డు కావాలా అన్నా అలాగే ఎత్తుతారు. ఏటా ఎత్తించిన పిల్లకి తొమ్మిదేళ్లకి అనుమానం పుడుతుంది: పోయినేడు ఎత్తింది లెక్కలోకి రాలేదా?

భయం, బహుమతి: బోధలోనూ చట్టంలోనూ

నరకం గురించి ముందే చెప్పకపోతే పిల్లల్ని మోసం చేసినట్టని కొందరు సంఘ కాపరులు నిజాయితీగా నమ్ముతారు. బైబిల్లో ఉన్నదాన్ని దాచే హక్కు మనకెక్కడిదని వాళ్ల వాదం. ఎదుటివాళ్లనేది, యేసు ఆ మాటలు అన్నది ఎక్కువగా పెద్దలతో, మత్తయి పద్దెనిమిదిలోనైతే చిన్నవాళ్లని అడ్డగించే పెద్దల్నే హెచ్చరిస్తూ. వయసు లెక్కలో చూస్తే ఏడేళ్ల లోపు పిల్ల శిక్షని తీర్పుగా కాక చీకటిగా వింటుంది. పక్క తడపడం, ఒంటరిగా పడుకోననడం, చనిపోయిన తాత ఎక్కడున్నాడని పదేపదే అడగడం ఆ వారంలోనే కనిపిస్తాయి.

బహుమతుల సంగతికొస్తే, వాక్యాల పోటీకి స్టీలు పళ్లెం, టిఫిను డబ్బా మనకి ఆనవాయితీ. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపి గీయించారు. తర్వాత ఊరికే వదిలేస్తే, ఆ పిల్లలు గీయడం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లకి అలా కాలేదు. కాబట్టి పళ్లెం ఇవ్వాలనుంటే పోటీ ప్రకటించకుండా ఇవ్వండి, వచ్చిన పిల్లలందరికీ.

ఈ రెంటికీ ఒడిశాలో చట్టం వైపు కూడా ఒక ముఖం ఉంది. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛ చట్టం బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. అందులో 'బలవంతం' నిర్వచనంలో దైవాగ్రహం కలుగుతుందని బెదిరించడం కూడా ఉంది. 'ప్రలోభం'లో డబ్బు రూపంలోనో వస్తువు రూపంలోనో ఇచ్చే కానుక ఉంది. మామూలుగా ఏడాది దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మైనర్లు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్ల విషయంలోనైతే రెండేళ్లకు, 10,000కు పెరుగుతుంది. ఒడిశా హైకోర్టు 1972లో ఈ చట్టాన్ని కొట్టేస్తే, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

సొంత పిల్లలకు తల్లిదండ్రులు బైబిలు చెప్పుకోవడం మతమార్పిడి కాదు. చిక్కు వీబీఎస్ పాటలకు పక్కింటి పిల్లలు వచ్చినప్పుడు. ఏ కథలు చెబుతారో కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేత సంతకం తీసుకోవడం, 'యేసుని అంగీకరించాను' అని రాసిచ్చే నిర్ణయపు కార్డులు ఆ పిల్లలచేత నింపించకపోవడం, తినేది ఏదైనా పెడితే కథతో ముడిపెట్టకపోవడం మామూలు జాగ్రత్తలు. గుర్తింపు ఉన్న బడి ఆవరణలో నడిపితే రాజ్యాంగం 28(3) కూడా గుర్తుంచుకోవాలి: మైనరును మత బోధకు కూర్చోబెట్టాలంటే సంరక్షకుల ఒప్పుదల ఉండాలి. ఆ పక్కింటివాళ్ల ఠాకురాణి అమ్మవారి యాత్ర గురించి మన పిల్ల అడిగినప్పుడు "అది వాళ్ల పండగ, మనం ఇలా ప్రార్థన చేస్తాం" అనడం ఏడేళ్లకి సరిపోతుంది. వెక్కిరింత నేర్పితే సోమవారం అది బడిలో బయటికొస్తుంది.

ఒకే అరుగు మీద మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా

వయసుల వారీ తరగతులన్నీ పట్నం ముచ్చట. గజపతి పల్లెలో పద్నాలుగు మంది పిల్లలు, ఒక టీచరమ్మ, ఒక అరుగు. యాభై నిమిషాలు ఇలా పంచుకోవచ్చు: ఎనిమిది నిమిషాలు చేతులాడించే పాటలు, ఆరు నిమిషాలు అందరికీ కలిపి పసివాళ్ల కథ. తర్వాత చిన్నవాళ్లకు మట్టిముద్దలిచ్చి గొర్రెలు చేయించడం, పదేళ్ల పైవాళ్లలో ఒకరిని వాళ్ల దగ్గర కూర్చోబెట్టడం. అలా దొరికిన పన్నెండు నిమిషాల్లో మధ్యవాళ్లకు కథలో రెండో పొర, ఇంకో పది నిమిషాలు పెద్దవాళ్లచేత బైబిలు చదివించడం. మిగిలింది వాక్యానికి, ప్రార్థనకి, నీళ్లు తాగడానికి. పెద్దపిల్లలు చిన్నకథని విసుక్కోకుండా ఉండాలంటే దుప్పటి ఊపే పని వాళ్లకివ్వాలి.

బొమ్మలు అంటించే గుడ్డ పలక, ఫ్లానెల్ బోర్డు, ఇంకా మంచిదే, కరెంటు అక్కర్లేదు. బొమ్మ వెనక గరుకు కాగితం ముక్క రెండుచోట్ల అంటిస్తే నిలుస్తుంది. తీరంలో వానాకాలం గుడ్డ చెమ్మపట్టి పేతురు జారి నేల మీద పడతాడు, ఫ్యాను వేస్తే మోషే ఎగురుతాడు. ఆ ఆరు నిమిషాలు ఫ్యాను కట్టేస్తే సరి. ఫోన్లో కార్టూన్ వేస్తే పిల్లలు బాగా కూర్చుంటారు, కథ మాత్రం కార్టూన్‌వాడు చెప్పినట్టే మిగిలిపోతుంది, ఆపి ఉంచాల్సినవి ఆపడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

పిల్ల తిరిగి చెప్పిన కథ

అందిందో లేదో పరీక్ష పెట్టి తెలుసుకోలేం. వారం తర్వాత "పోయినవారం కథ నేను మర్చిపోయాను, చెప్పవా" అంటే తెలుస్తుంది. నాలుగేళ్లవాడు సగం తెలుగు సగం ఒడియాలో "యేసు గాలిని తిట్టాడు, గాలి సారీ చెప్పింది" అంటాడు. దిద్దొద్దు. గద్దించడం అంటే వాడికి అంతే, గాలి లోబడిందని వాడు తన మాటల్లో చెప్పేశాడు. "మంచిపిల్లలున్న పడవ కాబట్టి మునగలేదు" అని ఆరేళ్ల పిల్ల అంటే మాత్రం, వచ్చే ఆదివారం ఆ కథ మళ్లీ చెప్పాలి, ఈసారి వెనకాల వచ్చిన మిగతా దోనెల్ని కూడా దుప్పటి పక్కన పెట్టి.